ఆవు డొక్కలో ఉరుము

“రొట్టె పెట్టావా లేదా? ముందు అది చెప్పు.”

“పెట్టిన సార్. రోజు పెడ్త. తినేముంగట ఆవుకు మొదటి ముద్ద పెట్టుడు మా ఇంటి పద్ధతి. గండ్ల తప్పేమున్నది?”

“నీ పద్ధతి నా పరీక్షంతా పాడుచేసిందయ్యా.”

సౌదీలో తమ దేశంవాళ్లకే పనులివ్వాలనే నితాఖత్ చట్టం వచ్చి, దాని వెనకే లెవీ పెరిగిన కాలం అది. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఇంటి పనికని రాయచోటి నుంచి వచ్చిన నేను, అల్ ఖర్జ్ దగ్గర ఆయన ఆవుల ఫారంలో దూడలకు పాలు పట్టే పనిలో కుదిరాను. బయటిదేశపు మనిషి ఒక్కొక్కరికీ సర్కారుకు కట్టే లెవీ బరువై, ఏ చిన్న తప్పు దొరికినా ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తున్నారు. పోట్లాడుతున్నది పశువుల డాక్టరు, గుంటూరబ్బాయి. రొట్టె పెట్టింది మేత వేసే గంగారాం, జగిత్యాల మనిషి. తొట్టిలో రొట్టె ముక్క దొరికింది. డాక్టరు మేనేజరుకు చెబితే గంగారాం ఇంటికి పోయినట్టే.

ఆవు తేన్చినప్పుడు మీథేన్ అనే గాలి వస్తుందట. దాన్ని తగ్గించే పొడిని దాణాలో కలిపి, హుడ్ అనే గూటిలో ఆవు తల పెట్టినప్పుడు దాని ఊపిరిని కొలుస్తున్నారు. పరీక్షలో ఉన్న ఆవు తూచి వేసిన మేత తప్ప ఇంకేదీ తినకూడదు.

“కోపం తర్వాత పడుదువు గానీ నాయనా. ఆవు తేన్చితే లోకానికేమి? మాకు తెలిసేట్టు చెప్పు,” అన్నాను.

అతను స్టెతస్కోపు నా చెవులకు పెట్టి, రెండో కొస ఆవు ఎడమ డొక్కకు ఆనించాడు. ఎక్కడో ఉరుము లేచి, దగ్గరికొచ్చి, అణిగింది. మళ్లీ లేచింది. కంటికానని జీవాలు కోటానుకోట్లు లోపల మేతను పులియబెడుతున్నాయనీ, వాటిలో కొన్ని పుట్టించే గాలే ఎండ వేడిని పట్టి ఉంచి లోకాన్ని వేడెక్కిస్తుందనీ, ఆవు ఏది మింగినా ముందు తినేవి అవేననీ చెప్పాడు. బుద్ధెరిగినప్పటి నుంచి పశువులను సాకాను. తినేది ఆవొక్కటే అనుకున్నాను. స్టెతస్కోపు తీసి గంగారాంకు ఇచ్చాను.

గంగారాం చెవులకు పెట్టుకున్నవాడు చాలాసేపు తియ్యలేదు. “నా ముద్ద గంతమందికి ముట్టిందా సార్?”

“ముట్టింది. అందుకే లెక్క తప్పింది,” అన్నాడు డాక్టరు, గొంతు తగ్గించి.

పాలు తాగే పసిదూడలకు ఈ పరీక్ష లేదు గనుక, గంగారాంను నా కొట్టంలోకి పంపమని డాక్టరుతో అన్నాను. “చేతిలో పాలసీసా తప్ప ఇంకేదన్నా కనపడిందా, మేనేజరు దగ్గరికి నేనే పోతా,” అని గంగారాంకూ చెప్పాను. డాక్టరు ఒప్పుకున్నాడు గానీ, జరిగింది మేనేజరు దగ్గర దాచనన్నాడు. దాచమని నేనూ అడగలేదు. ఒక నోటికి పెడుతున్నామనుకుంటాం; వెనక ఎన్ని నోళ్లున్నాయో తెలుసుకోకుండా పెట్టకూడదని ఆ పూట నేర్చుకున్నాను.

మర్నాడు పొద్దున మేనేజరు గంగారాంను పిలిపించి గట్టిగా తిట్టాడు, డాక్టరు మాట విని ఇంటికి మాత్రం పంపలేదు. అతను నా కొట్టంలోకొచ్చి చేతులు కడుక్కుని, అందరికంటే చిన్న దూడకు పాలు పట్టాడు.