సేటు పట్టిన బోరెం

జనగామ దగ్గర ఒక పత్తి మిల్లులో నేను యూనియన్ నాయకురాలిని. మిల్లు మొత్తానికి ఉన్న ఒకే మరుగుదొడ్డికి తలుపు పెట్టించమంటే మా సేటు వినేవాడు కాదు. చివరికి చర్చలకు లేబర్ ఆఫీసర్ మేడమ్ వచ్చారు.

మాటలు వేడెక్కుతుండగా మేడమ్ కడుపు పట్టుకుని లేచారు. "అర్జెంటు అక్కా!" అంటూ నా వెంట పరుగెత్తారు. తలుపులేని గది చూసి ఆమె ముఖం పాలిపోయింది. పత్తి నింపే పెద్ద బోరెం సంచి అడ్డం పెడదామంటే రెండో కొస పట్టే మనిషి లేడు.

"సేటూ, ఉరికిరాండ్రి! గీ కొస పట్టి మొఖం అటు తిప్పున్రి!" అని అరిచాను.

సేటు గోడకేసి చూస్తూ పట్టుకున్నాడు. లోపలి నుంచి మేడమ్ అడిగారు: "తలుపు ఎప్పుడు పెట్టిస్తరు?"

"రేపే మేడమ్!"

మరునాడు నిజంగానే తలుపు వచ్చింది. ప్రభుత్వం, యాజమాన్యం, కార్మికులు కలిసి నడవాలని ఎవరైనా ఉపన్యాసమిస్తే నాకు నవ్వాగదు. మమ్మల్ని కలిపింది మేడమ్ కడుపునొప్పే మరి!