శుభలేఖ ప్యాకింగ్

మా మావగారు శుభలేఖ చేతికొస్తే ముందు చదివేవారు కాదు, వంచి చూసేవారు. అట్ట మందంగా ఉంటే "ఇది ఆగుతుందండీ" అని బీరువా మీద దాచేవారు. తాడేపల్లిగూడెంలో వాళ్ల వరండాలో ఉండే ఆయన పాత మోటార్ సైకిల్ ఎప్పుడూ ఆయిల్ కారేది. ఇంజన్ పక్క కవరు విప్పి, దాని అంచు మీద శుభలేఖ పరిచి, చిన్న సుత్తితో చుట్టూ తట్టేవారు. అచ్చు పడిన గీత వెంట కత్తిరిస్తే, ఆయిల్ కారకుండా కవరు కింద వేసే ప్యాకింగ్ తయారు. షాపులో దొరుకుతుందని ఎంత చెప్పినా వినేవారు కాదు.

ఓసారి ముదినేపల్లి పెళ్లికి బయల్దేరుతూ అత్తగారు అడిగారు. "ముహూర్తం ఎన్నింటికండీ?"

"ఇంజన్లో ఉంది," అన్నారాయన. మేం వెళ్లేసరికి భోజనాలు కూడా అయిపోతున్నాయి.

ఆయన పోయాక పెద్దకర్మ కార్డులు ఆ బండి మీదే పంచాను. కొల్లేటి ఊళ్లన్నీ తిరిగొచ్చేసరికి ప్యాంటు కాలంతా ఆయిలే. ఏడుపు మాత్రం రాలేదు. కవరు విప్పాను. బీరువా మీద శుభలేఖలు అయిపోయాయి. పంచగా మిగిలిన ఒక్క పెద్దకర్మ కార్డు పరిచి, సుత్తితో తట్టి, కత్తిరించాను. మధ్య ముక్కలో ఆయన ఫొటో తెగకుండా చేతికొచ్చింది. అక్షరాలన్నీ ప్యాకింగ్‌లోకి పోయాయి. బోల్టులు బిగించి, ఆయిల్ పోసి, స్టార్ట్ చేశాను.

మా ఆవిడ ఫోను పట్టుకుని వచ్చింది. "పెంటపాడు పిన్ని అడుగుతోందండీ. కార్డులో భోజనాలు ఎన్నింటికని వేయించాం?"

"ఇంజన్లో ఉంది," అన్నాను.

ఇంజన్ కింద గచ్చు పొడిగానే ఉంది.