పిన్ని కట్టిన అమ్మమ్మ వేషం

ఆదివారం పొద్దున మా పుంగ్గోల్ ఫ్లాట్ కింది అంతస్తులో ఉండే మలయ్ ఆవిడ ఎండు రొయ్యలు వేయిస్తుంది. ఆ ఘాటు కిటికీలోంచి రాగానే మా ఆయన ముక్కు మూసుకుని తలుపులు లాగేస్తాడు, నేను వెళ్లి మళ్లీ తెరుస్తాను. పెళ్లయినప్పటి నుంచీ నడుస్తున్న తగువు ఇది. విజయవాడ నుంచి ఉద్యోగానికి వచ్చిన ఆయనకు అది వట్టి నీచు కంపు. ఇక్కడే పుట్టి పెరిగిన నాకు మాత్రం ఆ వాసన తగిలితే చాలు, బుకిట్ పంజాంగ్‌లో మేముండిన ఇల్లు, ఆ వంటింట్లో నేల మీద చతికిలబడి కొబ్బరి కోరుతున్న అమ్మమ్మ కళ్ల ముందు నిలబడతాయి. మనిషి కనబడుతుంది, గొంతు మాత్రం వినబడదు. ఆ గొంతు ఎలా పోయిందో చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు.

అమ్మమ్మ వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఈ మలయ్ గడ్డ మీది రబ్బరు తోటల్లో కూలికని ఓడెక్కి వచ్చినవాళ్లు. వాళ్ల ఊరి పేరు ఆమెకు తెలియదు గాని ఆ యాస మాత్రం నాలుక మీద అలాగే ఉండిపోయింది, దాని మీద తమిళం, మలయ్, మాట చివర 'లా', 'ఆ' తగిలించే బజారు ఇంగ్లీషు పొరలు పొరలుగా పేరుకున్నాయి. పాయసంలో యాలకులతో పాటు వాసనకు పాండన్ ఆకును ముడివేసి పడేసేది. ఉగాది పచ్చడికి కార్లు నిలిపేచోట ఉన్న వేపచెట్టు పూత మాచేత దులిపించి, మేం మక్‌చిక్ అని పిలిచే ఎదురింటి మలయ్ పెద్దావిడ ఇచ్చిన పుల్లమామిడి తరిగి, కలిపిన పచ్చడిలో మొదటి గిన్నె తిరిగి ఆ మక్‌చిక్ ఇంటికే పంపేది. డిసెంబరు వానలు పట్టుకున్నాయంటే బట్టలు ఆరేసే వెదురు గడలన్నీ ఇంట్లోకి వచ్చేవి. ఆ తడి బట్టల కింద మేం పిల్లలం బియ్యం పోసి కుట్టిన గుడ్డ సంచులతో అచ్చనగండ్లు ఆడుతుంటే, దురియన్ పండ్ల వాసనా, వేగే మిరపకాయల ఘాటూ, తడి నూలు వాసనా కలిసిపోయి ఇల్లంతా ఒక వింత వెచ్చదనంతో నిండిపోయేది.

ఆ వానల్లో మాకు సినిమా, నాటకం అన్నీ అమ్మమ్మే. బజారు నుంచి వచ్చి సంచీ కింద పెట్టగానే "ఇయ్యాల సేపలోడు ఏటి కూసినాడో సూడండర్రా" అని మొదలెట్టేది. చేపలమ్మే చైనీస్ తాత చేప మొప్ప ఎత్తి చూపే తీరు, గుళ్లో అయ్యవారు హారతి పళ్లెంలో చిల్లర వంక ఓరగా చూసే చూపు, తోటలో ఒకప్పటి దొరసాని గొడుగు పట్టుకుని బురదలో వేసే నడక, అన్నీ దింపేసేది. మేం నవ్వి నవ్వి పొట్ట పట్టుకునేవాళ్లం. ఆమె సొంత అలవాటు ఒకటుండేది. ఇంటికి ఎవరొచ్చినా, చివరికి లిఫ్టు బాగుచేయడానికి వచ్చినవాడైనా సరే, కొంగుకు చెయ్యి తుడుచుకుని, వాళ్ల గడ్డం పట్టుకుని, "యూ ఈట్ ఆల్రెడీ, ఆ?" అని అడిగేది. లేదన్నాడో, వాడి పని అయినట్టే. తినకుండా గడప దాటనిచ్చేది కాదు.

ఈ విద్య అబ్బింది ఆమె చిన్న కూతురు సుభద్ర పిన్నికి. నేను పుట్టకముందే పిన్ని నర్సు చదువుకని ఇంగ్లండు వెళ్లింది. ఆ రోజుల్లో ఇక్కణ్ణుంచి చాలామంది ఆడపిల్లలు అలాగే వెళ్లారు. వెళ్లినది చదువు సగంలో వదిలేసి నాటకాల్లో చేరిందని తెలిసేసరికి మా తెలుగువాళ్లలో పెద్ద గోల. "నా కూతురు దొంగతనం సేసిందేటి? ఏసం కట్టి బతుకుతాంది, తప్పేటి?" అని అమ్మమ్మ అందరి నోళ్లూ మూయించింది. పిన్ని ఆ చలిదేశంలో ఊరూరా తిరిగి చిన్నచిన్న హాళ్లలో ఆడింది, అద్దెగదుల్లో రొట్టె తిని పడుకుంది, అక్కడి పౌరురాలూ అయింది. వాళ్ల నోరు తిరక్క సుభద్ర కాస్తా 'సూ' అయింది. తమాషా ఏమిటంటే, నర్సు చదువు వద్దని పోయిన మనిషికి ఏళ్లతరబడి దొరికినవన్నీ నర్సు వేషాలే. ట్రే పట్టుకుని రావడం, "డాక్టర్ వస్తున్నారు" అనడం, వెళ్లిపోవడం. ఫోన్లో ఆ మాట చెప్పి పిన్ని నవ్వేది. అమ్మమ్మ మాత్రం "ఓపిక పట్టే తల్లీ, నవ్విన నాపసేనే పండుతాది" అనేది.

పండింది. నాకు పదేళ్లప్పుడు పిన్నికి ఒక హాస్య సీరియల్లో పెద్ద వేషం వచ్చింది. లండన్ వీధిలో కిరాణాకొట్టు నడిపే భారతీయ కుటుంబం, అందులో తల్లి పాత్ర. అది మా టీవీలో కూడా వస్తుందని తెలిసిన నాటి నుంచీ అమ్మమ్మ కాళ్లు నేల మీద నిలవలేదు. జంతికలు వత్తింది, రవ్వలడ్డూలు చుట్టింది, పక్కింటి చైనీస్ ఆంటీని, ఎదురింటి మక్‌చిక్‌ను, ఒకప్పుడు నోరు పారేసుకున్న తెలుగువాళ్లను పేరుపేరునా పిలిచింది. ఆ సాయంత్రం పట్టుచీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, టీవీకి ఎదురుగా కూర్చుంది.

పిన్ని తెర మీదికి వచ్చింది. తలకు నెరిసిన విగ్గు, ముతక చీర. కొట్లోకి ఎవడో తెల్ల పోలీసు రాగానే కొంగుకు చెయ్యి తుడుచుకుని, వాడి గడ్డం పట్టుకుని, మెడ ఇటూ అటూ ఊపుతూ, "యూ ఈట్ ఆల్రెడీ, ఆ?" అంది. టీవీలోంచి జనం నవ్వు గుప్పుమంది. డాక్టరొచ్చినా అదే మాట, పన్నులవాడొచ్చినా అదే మాట, ప్రతిసారీ నవ్వు. నడుం మీద చెయ్యి వేసి లేవడం, కళ్లజోడు మీదుగా చూడటం, చెప్పులు ఈడ్చే నడక, ఒక్కటి వదిలిపెట్టలేదు మా పిన్ని. పక్కింటి ఆంటీ చప్పట్లు కొట్టి, "అయ్యో, సేమ్ లైక్ యూ లా, ఆంటీ!" అని మురిసిపోయింది. పాపం, ఆవిడ మనసులో ఏ పాపం లేదు. గది గదంతా నవ్వింది. అమ్మమ్మ కూడా నవ్వింది. ఆట అయ్యేదాకా నవ్వుతూనే ఉంది, అందరికీ లడ్డూలు పంచింది, గుమ్మందాకా వెళ్లి సాగనంపింది. తలుపు వేశాక ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

మర్నాడు నేను ఆమె వెంట బజారుకు వెళ్లాను. చేపల తాత ఎప్పటిలాగే ఏదో అన్నాడు. అమ్మమ్మ వేలితో చేప చూపించింది, డబ్బిచ్చింది, సంచీ తీసుకుంది. ఒక్క మాట లేదు. ఇంటికొచ్చాక నేను "అమ్మమ్మా, ఈవేళ చేపలాయన ఏమన్నాడు?" అని గునిసాను. "ఏటీ అన్లేదు" అని కొబ్బరి కోరడంలో పడింది. అంతే, మా ఇంట్లో నాటకం ఆగిపోయింది. ఎవరైనా వస్తే ముందే లేచి లోపలికి వెళ్లేది. తిన్నావా అని అడగడం మానేసింది, ఎదురుగా పళ్లెం పెట్టి వెళ్లిపోయేది. మా అమ్మ బతిమాలి అడిగితే ఒక్కసారే నోరు విప్పింది. "నాను మన ఇంట్ల సేసీదాన్నే. నాను ఏసం కట్టినోళ్లు మనోళ్లు, నాను ఆళ్లకి కూడెట్టీదాన్ని. అది లోకానికి సూపెట్టీసినాదే."

తర్వాత ఎప్పుడో పిన్ని వచ్చింది, పెట్టెనిండా చాక్లెట్లతో, కొత్త పేరుతో, పాత ఏడుపుతో. అమ్మమ్మ కాళ్ల దగ్గర కూలబడి, "అమ్మా, ఎక్కిరించడం కాదమ్మా. ఇండియన్ అమ్మలాగ మాట్లాడమన్నారు. నాకు తెలిసిన అమ్మవి నువ్వొక్కదానివే కదా! అక్కడ రోజూ ఆ కాసేపే నువ్వు నా దగ్గరుండీదానివి" అంది. అమ్మమ్మ ఆమె తల నిమిరింది. "బాగా సేసినావే. నాకన్నా బాగా సేసినావు" అంది. అమ్మ మెచ్చుకుందనుకుని ఊరుకోవాలో, గుండె పగిలి చావాలో పిన్నికి తెలియలేదు. తల్లీకూతుళ్ల మధ్య నేను విన్న ఆఖరి మాట అదే. మరుసటి వానల్లో అమ్మమ్మ పోయింది. పోయేముందు నర్సు ఏమైనా తింటావా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

పిన్ని బతుకూ ఏమంత బాగుపడలేదు. ఆ వేషం ఆమెను వదల్లేదు. రంగస్థలం మీద రాణి వేషం వేయాలని ఉండేది, విషాదనాటకాల్లో తల్లి వేషం వేయాలని ఉండేది. ఆమె నోరు తెరవగానే జనం ముందే నవ్వేవారట. బస్సులో అపరిచితులు వచ్చి ఆమె చేత గడ్డం పట్టించుకుని ఫొటో దిగేవారట. "నాకు ఇంకో మనిషి వేషం ఎవరూ ఇవ్వలేదే" అని ఒకసారి నాతో ఫోన్లో అంది. తల్లి నోరు మూయించిన వేషంలోనే కూతురు ముసలిదైపోయింది. ఎవరిని తిట్టను? తిట్టడానికి ఒక్కరూ మిగల్లేదు.

పోయిన నెల పిన్ని పోయినట్టు కబురు వచ్చింది. అక్కడి పత్రిక రాసిన నాలుగు వాక్యాల్లో మూడు ఆ కిరాణాకొట్టు తల్లి గురించే. బుకిట్ పంజాంగ్‌లో ఆ పాత బజారు లేదు, చేపల తాత లేడు, పచ్చడి గిన్నె పంపడానికి మక్‌చిక్ లేదు. అమ్మమ్మవి పెళ్లిళ్లలో తీసిన ఫొటోలు రెండో మూడో ఉన్నాయి గాని, ఆమె గొంతు పట్టి ఉంచుకోవాలని మాలో ఒక్కరికీ తోచలేదు. మనింట్లో మనిషి మాటను ఎవరు దాచుకుంటారు?

మా అమ్మాయి ఆ సీరియల్ ముక్క ఎక్కడో వెతికి పట్టుకుని, "మమ్మీ, కమ్ అండ్ సీ లా!" అని ఫోన్ పట్టుకొచ్చింది. చూసి, ఆ పాతకాలపు జనం నవ్విన చోటల్లా అదీ నవ్వింది. "గ్రేట్ గ్రాండ్‌మా రియల్లీ టాక్ లైక్ దట్ ఆ?" అని అడిగింది. "కాదే తల్లీ, ఆవిడ అడిగితే నవ్వు రాదు, ఆకలేస్తుంది. చూడు, ఎలా అనేదో నేను చేసి చూపిస్తాను" అని లేచాను. కొంగు లేదు, చొక్కా అంచుకే చెయ్యి తుడుచుకుని, పిల్ల గడ్డం పట్టుకుని, అడిగాను. వచ్చింది పిన్ని గొంతు. అదే సాగదీత, అదే మెడ ఊపు, నవ్వు కోసం ఆగే ఆ ఆగడం కూడా. కళ్లు మూసుకుని, బుకిట్ పంజాంగ్ వంటిల్లంతా తలుచుకుని మళ్లీ అన్నాను. మళ్లీ అదే వచ్చింది.

"సేమ్ లా, మమ్మీ! సేమ్ సేమ్!" అని మా అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. నేను దాని ఎదురుగా పళ్లెం పెట్టి లోపలికి వెళ్లిపోయాను.