పేనాన్ని ప్రాణం చేసినవాళ్ళు

దమయంతమ్మ నవలలు చదివి ఆ ఊళ్ళు ఒకసారి చూడాలనుకునేవాళ్ళు నాలాగే ఇంకా ఉంటారు. వాళ్ళకి పనికొస్తుందని ఎలా వెళ్ళానో, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇష్టంగా బయల్దేరాను. ఒళ్ళు మండిపోతూ తిరిగొచ్చాను.

నేను గుంటూరులో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పుతాను. దమయంతమ్మ టెక్కలిలో ఒక ఆఫీసులో గుమస్తాగా పనిచేస్తూ అయిదు నవలలు రాసింది. ఆమె పోయాక "పుట్టినూరి నీళ్ళు" కొత్త ముద్రణ టెక్కలిలో ఆవిష్కరిస్తున్నారని తెలిసి టికెట్ చేయించుకున్నాను. ఆ నవలలో సిన్నమ్మి అనే కోడలు పుట్టింటి బావినీళ్ళ కోసం అలమటిస్తుంది. అక్కడ తన వాళ్ళు ఒక్కొక్కరే కిడ్నీలు పాడై పోతుంటారు. నీళ్ళే చంపుతున్నాయా, వేరే ఏదైనా ఉందా, ఎవరూ తేల్చి చెప్పరు. దాహం మాత్రం ఆ నీళ్ళదే. ఆ పుస్తకం మూసి నేను రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

రాత్రి రైలెక్కితే తెల్లారాక పలాసలో దిగాను. నౌపడాలో దిగితే టెక్కలి దగ్గరే, కానీ నాకు పలాస చూడాలనిపించింది. స్టేషను బయటికి రాగానే జీడితొక్క కాలిన వాసన గొంతు పట్టుకుంది. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ఇడ్లీ తిని టెక్కలి బస్సెక్కాను. హైవే మీద గంట లోపే తీసుకెళ్ళింది. పక్కన కూర్చున్న ముసలామె నా సంచీ చూసి, "ఏ ఊరు తల్లీ, పెళ్ళికేటి?" అంది. పుస్తకం సభకని చెప్తే, "అదేటి, మా దమయంతికా? మా ఈది పిల్లే! ఏటేటో రాసీది" అని నవ్వింది.

సభ కల్యాణమండపంలో పెట్టారు. వేదిక మీద పెద్ద పెద్దవాళ్ళందరూ కూర్చున్నారు. వాళ్ళ చివర దమయంతమ్మ భర్త లోకనాథం గారు. సన్నగా, నల్లగా, ఎడమచేతికి కట్టుతో ఉన్నారు. ఆయనది పలాస పక్క ఉద్దానంలో కొబ్బరితోట. హైదరాబాదు నుంచి వచ్చిన ప్రచురణకర్త లేచి, ఈ నవలని "తెలుగువారందరికీ అందేలా" తీర్చిదిద్దామని చెప్పాడు. నాకు అర్థం కాలేదు. బయట బల్ల మీద కొన్న ప్రతి తెరిచాను.

పాత పుస్తకం అత్తగారి కేకతో మొదలవుతుంది: "ఏటే సిన్నమ్మీ, నీళ్ళు తోడినావా, నా పేనం తోడినావా?"

కొత్త పుస్తకంలో ఇలా ఉంది: "ఏమిటే చిన్నమ్మీ, నీళ్ళు తోడావా, నా ప్రాణం తోడావా?"

తర్వాతి పేజీ తిప్పాను. ఆ తర్వాతది తిప్పాను. ఊరు ఊరంతా రేడియో వార్తలు చదివేవాళ్ళలా మాట్లాడుతోంది. సభల్లో నోరెత్తే అలవాటు నాకు లేదు. అయినా లేచి, "మొదటి పేజీ పైకి చదవండి" అన్నాను.

"ప్రశ్నలు చివర్లోనమ్మా" అన్నాడు మైకు దగ్గరాయన.

లోకనాథం గారు తలెత్తారు. "ఆయమ్మ అడిగింది సదవండి బాబూ. నానూ ఇంటాను."

ప్రచురణకర్త నవ్వుతూనే చదివాడు. ఒక పేరా అయ్యేసరికి లోకనాథం గారు చెయ్యెత్తి ఆపారు.

"ఇదేటి బాబూ, అచ్చుతప్పులు దిద్దుతామన్నారు గదా?"

"అదేనండీ. భాష కొంచెం శుద్ధిచేశాం."

"ఆ మాట మా అమ్మది. మంచంలో ఉండి నీళ్ళ కోసం నా పెళ్ళాన్ని కేకేసేది. మా అమ్మ పేనం అనే పోనాది. ప్రాణం అనడం ఆవిడికి రాదు."

ప్రచురణకర్త, అది ప్రేమతో చేసిన పని అనీ, బయటివాళ్ళకి ఈ యాస అర్థం కాదనీ చెప్పబోయాడు. లోకనాథం గారు తనకి కప్పిన శాలువా తీసి కుర్చీ మీద పెట్టారు. "మిగతా నాలుగూ మీకు ఇవ్వను" అని మెట్లు దిగారు. ఆయన వెనక నేనూ, మరో పదిమందీ బయటికొచ్చాం. లోపల మైకు మళ్ళీ మోగింది. తర్వాతి వక్తని పిలుస్తున్నారు! నాకు అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు.

తోట చూస్తానంటే ఆయన రమ్మన్నారు. బస్సులో పలాస, అక్కణ్ణుంచి షేర్ ఆటోలో ఊరు. దారికి రెండు పక్కలా జీడితోటలు, వాటి వెనక కొబ్బరి, చివర్లో సముద్రపు గాలి. ఎంత పచ్చగా ఉందో చెప్పలేను. ఆటోలో మంచినీళ్ళ క్యాన్లు మా కాళ్ళ మీదే పెట్టారు. చేతికి కట్టేమిటని అడిగాను.

"డయాలిసిస్ అమ్మా. ఈ పూట నా వంతు. సభ ఉందని రేపటికి మార్సుకున్నాను."

ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి బొండం కొట్టి ఇచ్చారు. దమయంతమ్మ రాసుకునే చోటు చూపించమంటే వంటింటి గుమ్మం చూపించారు. అన్నం ఉడికే లోపల అక్కడే రాసుకునేదట. చివరి నవల డయాలిసిస్ మంచం మీద చెప్తుంటే ఆయన రాశారట. నేను "పుట్టినూరి నీళ్ళు" చదివి ఎంత ఏడ్చానో చెప్పాను.

ఆయన మొహం మారిపోయింది.

"అందరూ అదే అంటారు. ఏడిసినాం, ఏడిసినాం. ఏడిసి ఏటి సేసినారు? ఆవిడ ఏడిపించడానికి రాసినాదా? ఈ ఊళ్ళో ఇల్లిల్లూ ఎలాగైపోతందో సూడండ్రా అని రాసినాది. మీరు సదివి బాగుందన్నారు, ఆల్లు మాటలు మార్సి అమ్ముకున్నారు. ఆవిడ మట్టుకు ఎల్లిపోనాది."

బొండం అరుగు మీద పెట్టేశాను. ఆయనే దాన్ని నా వైపు జరిపి, "తాగమ్మా. నిన్ను కాదు" అన్నారు. నన్ను కూడా అన్నారని ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం పలాసలో రైలెక్కితే అదే పెట్టెలో, ఎదురు సీట్లో ప్రచురణకర్త కనిపించాడు. పలకరించి, "అనవసరంగా గొడవ చేశారమ్మా. పుస్తకం నలుగురికీ చేరాలనేగా మా తాపత్రయం" అన్నాడు.

"నాది గుంటూరు. పాత పుస్తకం నాకు చేరింది."

"మీకు ఓపిక ఉంది."

"ఆవిడ బతికుంటే అడక్కుండా మార్చేవారా?"

అతను ఫోను తీశాడు. హైదరాబాదు విమానం కోసం విశాఖలో దిగేటప్పుడు మాత్రం, "ఆయనకి మీరైనా నచ్చజెప్పండి" అన్నాడు.

"ఇవ్వొద్దనే చెప్తాను" అన్నాను.

వెళ్ళేవాళ్ళు వెళ్ళండి. దారి సులువే, మనుషులు మంచివాళ్ళు, తోటలు కళ్ళకి పండగ. కానీ చూసొచ్చి బాగుందని మాత్రం రాయకండి.

విశాఖలో ప్రచురణకర్త ఖాళీ చేసిన సీట్లో ఒకావిడ కూర్చుంది. నేను ఎక్కణ్ణుంచి వస్తున్నానో తెలుసుకుని, "అక్కడ కిడ్నీ జబ్బులంట కదండీ, పాపం" అంది.

"ఆ మాట వాళ్ళ అరుగు మీద కూర్చుని అనగలరా?" అన్నాను.

ఆవిడ బిత్తరపోయింది. నిజానికి ఆవిడ తప్పేమీ లేదు. అయినా నేను ఏమీ అనుకోవద్దని చెప్పలేదు.