తెగని దమ్ము

ఒక మాట నా నోట్లో ఏళ్ల తరబడి ఉండి మురిగిపోయింది. మింగలేదు, ఉమ్మలేదు. దాన్ని అలాగే పెట్టుకుని అన్నం తిన్నాను, పిల్లల్ని కన్నాను, జెండా పండుగలకు మైకు ముందు నిలబడి ఆటల్లో నిజాయితీ గురించి మాట్లాడాను. చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. ఛీ. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందని నేను అనుకోవడం లేదు. ఎవరో ఒకరికి చెప్పకపోతే ఈ కంపు నాకు అలవాటైపోతుందేమోనని భయం వేసి మీకు చెబుతున్నాను.

పేరు చెప్పను. పిరికిదాన్ని. ఆ సంగతి మీకు ముందే తెలియడం మంచిది.

మాది భూపాలపల్లి. మా నాయిన బొగ్గుబాయిలో పని చేసేవాడు. క్వార్టరు, నెల తిరిగేసరికి జీతం, దవాఖాన ఖర్చు లేదు. మాకు లోటేమీ ఉండేది కాదు. నాకు చిన్నప్పటి నుంచీ కబడ్డీ పిచ్చి. బీపీఎడ్ అయిపోయాక జనగామ వైపు ఒక కాలేజీలో ఎంపీఎడ్‌లో చేరాను. గంతులేయడానికి కూడా పెద్ద చదువుంటుందా అని మా చుట్టాలు నవ్వేవాళ్లు. ఉంటుంది. పొద్దున మైదానం, పగలు క్లాసు, సాయంత్రం మళ్లీ మైదానం. కండరాల పేర్లు, గాయాల సంగతి, శిక్షణ ఎలా ఇవ్వాలి, పోటీలు ఎలా నడపాలి. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ అని ఒక పేపరు ఉండేది. పోటీలో లాభం ఉన్న మనిషి ఆ పోటీకి తీర్పు చెప్పకూడదని అందులో ఒక పాఠం. ఆ ప్రశ్నకు నేను బ్రహ్మాండంగా జవాబు రాశాను. మంచి మార్కులే వచ్చాయి.

సునీత నా క్లాస్‌మేట్. అసలు పేరు అది కాదు. మరిపెడ దగ్గర ఒక తండా వాళ్లది. మిరప తోటల్లో కూలి చేసి, ఆటలాడి, చదువుకుని వచ్చిన పిల్ల. ఇంట్లో లంబాడీ మాట, బయట తెలుగు. తెలుగు మాట్లాడేటప్పుడు అక్కడక్కడా ఆగేది, మాట వెతుక్కునేది. హాస్టల్‌లో కొందరు ఆమెలాగా మాట్లాడి పకపకా నవ్వేవాళ్లు. నేను నవ్వేదాన్ని కాదు. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. నవ్వలేదు గనుకే ఆ పిల్ల నన్ను నమ్మింది. నాకంటే ఏడాదో రెండేళ్లో చిన్నది, అక్కా అనేది. తండా నుంచి వాళ్లమ్మ పంపిన జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు ముందు నాకు పెట్టి తర్వాత తను తినేది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అనే మాట చిన్నప్పుడు బడిలో అర్థాలు రాసి నేర్చుకున్నాను, పెద్దయ్యాక చేసి చూపించాను.

కబడ్డీ తెలిసిన వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు, తెలియని వాళ్ల కోసం చెబుతాను. కూతకు వెళ్లిన మనిషి అవతలి కోర్టులో ఉన్నంతసేపు ఒక్క ఊపిరి మీద కబడ్డీ కబడ్డీ అంటూనే ఉండాలి. మధ్యలో ఊపిరి పీల్చినా, మాట ఆగినా అవుట్. మా దగ్గర దీన్ని దమ్ము అంటారు. దమ్ము తెగిందంటే ఆట పోయినట్టే. తెగిందా లేదా అని చెప్పాల్సింది దగ్గర నిలబడ్డ అంపైరు.

సునీతకు దమ్ము అపారం. గొడవ ఎక్కడంటే, ఆమె కూత సన్నగా ఉండేది. నోరు పెద్దగా తెరవదు. గొంతు అడుగు నుంచి, పక్కగదిలో ఎవరో మాట్లాడుతున్నట్టు వచ్చేది. అంపైరుకు వినపడకపోతే లేనట్టే లెక్క అని మా సారు చాలాసార్లు హెచ్చరించాడు. అందుకని పొద్దున్నే మేమిద్దరం ముందుగా మైదానానికి పోయేవాళ్లం. ఆమె ఒక చివర నిలబడి కూత పెట్టేది. నేను దూరం జరుగుతూ పోయేదాన్ని. వినపడినంతసేపు చెయ్యి పైకెత్తి ఉంచాలి, వినపడకపోతే దించాలి. అదీ మా పద్ధతి. నెలల తరబడి అలా చేశాం. చివరికి మైదానం ఆ మూల నుంచి కూడా నా చెయ్యి పైనే ఉండేది. ఆ గొంతును నాకంటే బాగా వినగలిగే మనిషి లోకంలో లేదు. ఈ ఒక్క వాక్యం గుర్తు పెట్టుకోండి, మిగతాదంతా దీని మీదే ఉంది.

యూనివర్సిటీ జట్టుకు ఎంపికలు వచ్చాయి. ఆ జట్టులో ఆడితే సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దారి. సునీతకు ఇంకో మెలిక కూడా ఉంది. వాళ్ల బాపు అప్పటికే చదువు చాలన్నాడు. జట్టులో పడితే చదువుకో, లేకపోతే వచ్చి పనిలో పడు అని ఒప్పందం. ఇది నాకు తెలుసు. ఆమే చెప్పింది, రొట్టె పెడుతూ.

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక అలవాటు. అంపైరింగ్ కూడా మాకు ప్రాక్టికల్ పరీక్షే కాబట్టి, ఎంపికలూ ఆ పరీక్షా ఒకే రోజు కలిపి పెట్టేవాళ్లు. ఒక మ్యాచ్ ఆడినవాళ్లు తర్వాతి మ్యాచ్‌కు విజిల్ పట్టుకోవాలి. ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు. పాఠం చదివింది మేమే, పాఠానికి వ్యతిరేకంగా నిలబడింది మేమే. కూతకు వెళ్లేవాళ్లలో ఒకే ఒక్క చోటు మిగిలింది. దానికి నేనూ సునీతా. పొద్దున మ్యాచ్‌లో నేను దారుణంగా ఆడాను, పోయిన ప్రతిసారీ దొరికిపోయాను. రెండో మ్యాచ్‌లో సునీత ఆడుతోంది. గీత పక్కన విజిల్‌తో నేను.

ముందే అనుకున్నానా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. అనుకోలేదనే చెప్పుకున్నాను చాలా ఏళ్లు, ఏదో క్షణంలో చెయ్యి జారినట్టు, నోరు జారినట్టు, నాకు తెలియకుండా జరిగిపోయినట్టు. అబద్ధం. విజిల్ మెడలో వేసుకుంటున్నప్పుడే నా కడుపులో ఏదో చిన్నగా నవ్వింది. దాన్ని నేను చూశాను. చూసి చూడనట్టు ఊరుకున్నాను.

చివరి కూత. సునీత లోపలికి పోయింది, ఇద్దర్ని తాకింది, తిరిగి వస్తుంటే నడుం పట్టుకుని కింద పడేశారు. మీద నలుగురు. ఆ పిల్ల మోచేతుల మీద పాకుతూ గీత వైపు వస్తోంది. చుట్టూ ఈలలు, అరుపులు. ఆ గోలలో సారుకు ఏమీ వినపడే అవకాశం లేదు. నాకు వినపడుతోంది. ముఖం మట్టిలో ఉంది, మీద అంత బరువుంది, అయినా ఆ సన్నటి కూత ఆగలేదు. కబడ్డీ కబడ్డీ కబడ్డీ. వేళ్లు గీతకు జానెడు దూరంలోకి వచ్చాయి.

విజిల్ ఊదాను.

విన్నావా నువ్వు, సరిగ్గా చూసుకుని చెప్పు అన్నాడు సారు. దమ్ము తెగింది సార్ అన్నాను. గొంతు వణకలేదు. అదే నాకు అన్నిటికంటే రోత. వణికినా ఇవాళ కొంచెం మర్యాద మిగిలేది.

సునీత లేచింది. పెదాలకు మట్టి అంటుకుని ఉంది. నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడనంత మెల్లగా అడిగింది.

"ఇన్నవ్ గదక్కా?"

"నాకు ఇనబడలే."

ఆమె నా దగ్గర నుంచి వెనక్కి నడిచింది. తర్వాత కోర్టు మధ్యలో కూర్చుంది. లేవనంది. తెగలే, నా దమ్ము తెగలే అని ఏడ్చింది, మాటలు దొరక్క వాళ్ల భాషలోకి పోయింది, అది విని జనం నవ్వారు. అంపైరుతో వాదించినందుకు సారు ఆమెను ఎంపికల నుంచే తీసేశాడు. సాయంత్రం అందరినీ నిలబెట్టి నన్ను చూపించాడు. సొంత దోస్తు అని చూడలేదు, అంపైరంటే ఇట్లుండాలె అన్నాడు. అందరికంటే ఎక్కువ మార్కులు నాకే వేశాడు. తలవంచుకుని, సిగ్గుపడుతున్నట్టు నిలబడ్డాను. తడిగుడ్డతో గొంతు కోసి, ఆ గుడ్డనే మెడకు దండలా వేయించుకున్నాను. థూ.

సునీత ఆ వారంలోనే పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. నేను బస్సు దాకా కూడా పోలేదు. తలనొప్పని పడుకున్నాను. జట్టులో ఆడాను. ఆడానంటే బెంచీ మీద కూర్చున్నాను, సర్టిఫికెట్ మాత్రం అందరిదీ ఒకటే. దానితోనే ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు కాటారం వైపు ఒక సర్కారు బడిలో వ్యాయామ టీచర్‌ని. అంతటితో ఆగిందా? కొత్త అంపైర్లకు శిక్షణ ఇవ్వమని పిలుస్తుంటారు. పోతాను. కూత ఎలా వినాలో నేర్పిస్తాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు గానీ, నేను కళ్లు తెరుచుకునే తాగాను, తాగి మూతి తుడుచుకుని పాలు ఎలా కాపలా కాయాలో పదిమందికి చెప్పాను.

ఇంతవరకే అయితే బహుశా మీకు చెప్పేదాన్ని కాదు. ఇంత రోతనూ ఓర్చుకునే శక్తి నాకుందని ఇన్నేళ్లలో తేలిపోయింది. పోయిన చలికాలంలో బడి పిల్లల ఆటల పోటీలకని మరిపెడ వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో ఎవరో అక్కా అని పిలిచారు. మిరపకాయలు ఏరే కూలీల గుంపులో నుంచి సునీత. చిక్కిపోయింది. చేతులు మిరప ఘాటుకు ఎర్రగా పొక్కి ఉన్నాయి. నేను పారిపోవాలనుకున్నాను. ఆమె పరుగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. నాకు నౌకరి వచ్చిన సంగతి ఎవరో చెప్పారట, ఎంత సంబరపడిందో చెప్పింది. నేను వద్దంటున్నా హోటల్‌లోకి లాక్కుపోయి ఛాయ్ తాపింది. నేను పైసలు తీస్తే నా చెయ్యి నెట్టేసింది. ఆ ఛాయ్ తాగాను. గొంతులో అడ్డం పడలేదు, దిగింది.

అప్పుడు అంది.

"అక్కా, గప్పుడు నీ మీద ఉత్తగనే లొల్లి చేసిన. తప్పు నాదే. మస్తు దినాలు మనసుల పెట్టుకున్న గని, ఇప్పుడు సమజైంది. నువ్వు నా గొంతు ఎరిగినదానివి. నీకు ఇనబడలేదంటే తెగినట్టే. ఏమనుకోకు."

నేను ఏమన్నానో చెప్పనా?

"పోనీ తియ్ సునీతా. గదంత పాత ముచ్చట."

క్షమించాను. అర్థమవుతోందా మీకు? నేను ఆమెను క్షమించాను. పెద్దదానిలా భుజం మీద చెయ్యి కూడా వేశాను.

ఆమె ముఖం తేలికైంది. ఇంటి ముచ్చట్లు చెప్పింది. ఒక్కతే బిడ్డట. ఆరో తరగతి. బడిలో కబడ్డీ ఆడుతోందట, దమ్ము బాగా పడుతుందని అక్కడి సారు జిల్లా పోటీలకు తోలుకుపోతానన్నాడట. "నేనే వద్దన్న," అంది. "మన దమ్ము మీద నమ్మకం పెట్టుకోకు బిడ్డా, అదును మీద తెగిపోతది, నీ తల్లికి తెలుసు అని చెప్పిన. ఏడ్చింది గని, ఊకున్నది."

నా బస్సు వచ్చింది. నేను ఎక్కాను.

ఎందుకు చెప్పలేదు? అక్కడ, ఆ ఛాయ్ గ్లాసుల ముందు, ఒక్క మాట చాలు. ఉద్యోగం పోతుందనా? పోదు, ఇంత పాత సంగతికి ఎవరూ ఏమీ చేయరు. ఆమె కొడుతుందనా? కొట్టినా బాగుండేది. అంతకంటే నీచమైన కారణం. ఆమె నన్ను మంచిదాన్ని అనుకుంటోంది. నా చేతిలో దెబ్బ తిని కూడా నన్ను అలా అనుకునే మనిషి ఆమె ఒక్కతే, ఆ ఒక్కదాన్ని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. నేను చేసిన గాయం మీదే నా మంచితనం నిలబడి ఉంది. బస్సులో కూర్చుని కొంగు అడ్డం పెట్టుకున్నాను, ఏడుపు కోసం కాదు, వాంతి వస్తుందేమోనని. అది కూడా రాలేదు.

ఆ రోజు ఆమె తన నంబరు నా ఫోన్‌లో తనే నొక్కి పెట్టింది. అప్పటి నుంచి నేను ఒక్కసారి కూడా చేయలేదు. మీకు ఇంత చెప్పగలిగిన నోరు ఆమెకు ఎందుకు చెప్పలేకపోతోందో నన్ను అడగకండి. మీరు క్షమిస్తారని కూడా చెప్పడం లేదు. క్షమించే హక్కు మీకు లేదు. ఆమె క్షమించినా నేను తీసుకోగలనో లేదో తెలియదు. అక్కడ ఆరో తరగతి పిల్ల ఒకతి మైదానం బయట కూర్చుని తోటి పిల్లల ఆట చూస్తోంది. తన దమ్ము మంచిది కాదని నమ్ముతోంది. అది తల్లి ఇచ్చిన నమ్మకం, తల్లికి నేనిచ్చింది.

ఇన్నేళ్లలో ఈ మాటను నేను గట్టిగా పలకలేదు, గదిలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూడా. ఇప్పుడు పలుకుతున్నాను. సునీత దమ్ము తెగలేదు. నేను విన్నాను. విజిల్ ఊదిన తర్వాత కూడా వినపడుతూనే ఉంది.