రంపానికి వాటా

కొత్తగా ఇల్లు కట్టుకునేవారెవరైనా సరే, తలుపులకూ కిటికీలకూ ఎంత కలప పడుతుందో తెలుసుకోవడానికి మొదట అంచనా బాబాయి గారి గుమ్మమే ఎక్కేవారు. ఆయన కొలతలను ఒకసారి, యజమానిని ఒకసారి ఎగాదిగా చూసి, ఇన్ని ఘనపుటడుగులు అని సెలవిచ్చేవారు. ఆ మాటకు తిరుగులేదు. పని ముగిసేనాటికి కలప చాలకపోవడం గాని, గుట్టలుగా మిగిలిపోవడం గాని ఎవరూ ఎరుగరు. తన కన్నే కొలబద్ద అని ఆయనకు గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని పదిమందితో పంచుకోవడానికి ఆయన ఏనాడూ మొహమాటపడలేదు. డిపోకు ఫోను చేసి కలప పురమాయించడం మాత్రం తన స్థాయికి తగదని భావించి, ఆ చిల్లరపనిని భార్యకు అప్పగించారు.

ఇట్లుండగా, బాబాయి తండ్రి నడిపిన సైకిల్ దుకాణాన్ని పడగొట్టవలసి వచ్చింది. ఆరుగురు తోబుట్టువులకు అందులో మిగిలినది పైకప్పును మోసిన టేకు దూలం ఒక్కటే. నాన్న గుర్తుగా అది అందరికీ కావాలి. లోగడ నాన్న గోడ గడియారం విషయమై చెల్లెళ్లిద్దరికీ చాలాకాలం మాటలు లేకపోయాయి. ఈసారి అటువంటిది జరగరాదని అక్కగారు బాబాయిని మధ్యవర్తిగా నియమించారు.

"ఇదేం పెద్ద చిక్కక్కా?" అన్నారు బాబాయి. "దూలం మందం ఆరంగుళాలు. మనం ఆరుగురం. తలా అంగుళం మందాన ఒక పలక. చిన్నపిల్లలు చేసే లెక్క."

"ఒక్కరికి తగ్గినా ఊరుకోను రోయ్. స్కేలు పెట్టి కొలుస్తా."

"కొలుచుకో. వెంట్రుకవాసి తేడా వచ్చిందా, ఇక జన్మలో టేపు ముట్టను!"

కోత మిల్లులో అయిదు పలకలు అంగుళం మందాన ముచ్చటగా దిగాయి. ఆరవది మాత్రం బడిపిల్లలు రాసుకునే పలకంత పల్చగా మిగిలింది.

"ఏంటయ్యా ఇది? మిగతా చెక్కేది?"

మిల్లు మేస్త్రి రంపం కింద గుట్టపడిన తేనెరంగు పొట్టును చూపించాడు. "అదేనండీ. కోతకింత చొప్పున రంపం తింటుందిగా. మీకు తెలియందేముంది?"

బాబాయి తెలిసినట్టే తల ఊపి, ముఖం వేలాడేసుకుని ఇంటికి వచ్చారు.

"రంపం తింటుందట! ఇన్నేళ్లూ నేను దాన్ని లెక్కలోకే తీసుకోలేదే. మరి అన్ని ఇళ్లకీ కలప ఎలా సరిపోయింది?"

కూర తరుగుతున్న భార్య తల ఎత్తలేదు. "ఎలా సరిపోతుందండీ? మీరు పది అంటే నేను డిపోకి పదకొండు చెప్పేదాన్ని. పెళ్లయిన కొత్తలో మీరు చేయించిన పెట్టెకి మూత కురచైంది. అప్పుడే అర్థమైంది నాకు."

"ఇళ్లవాళ్లు అడగలేదా?"

"అడిగారు. అది కూడా మా ఆయన లెక్కలోదేనండీ అన్నాను."

"నాకో ముక్క చెప్పొచ్చుగా!"

"చెబితే వినే మనిషేనా మీరు?"

మరునాడు బాబాయి టేపును బీరువాలో పెట్టి తాళం వేసి, అక్కగారింటికి బయలుదేరారు. మందపు పలకలు అయిదూ అయిదుగురికి ఇచ్చి, పల్చనిది తన ముందు పెట్టుకున్నారు. అక్కగారు అన్న ప్రకారం స్కేలు తీశారు.

"ఒరేయ్, నీదేంటి ఇంత పల్చగా ఉంది?"

"తప్పు నాదేనక్కా. రంపం తింటుందని లెక్కెయ్యలేదు."

అందరూ ఆ పలకకేసి వంగి చూశారు. ముందు చిన్నతమ్ముడు తేరుకున్నాడు.

"రంపం తిందట! ఊళ్లో సగం తలుపులు లెక్కేసిన అన్నయ్యకి ఆ సంగతి తెలీదట! చెవిలో పూలు పెట్టుకున్నామా మేం?"

"మధ్యపలక అయ్యుంటుంది," అంది చెల్లెలు. "చేవంతా నడిమధ్యలోనే కదా ఉండేది."

"ఒట్టమ్మా! అది చివరి ముక్క!"

"ఒట్టు కూడా వేశాడంటే ఖాయమే," అన్నారు అక్కగారు. "పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా, వీడు ఊరికే నష్టపోయే రకం కాదు. ఇటివ్వరా అది! నాది నువ్వు తీసుకో."

బాబాయి నిజం చెప్పినకొద్దీ పల్చని పలక విలువ పెరిగింది. చెల్లెలు కూడా దానికే చెయ్యి చాచింది. చివరకు పెద్దరికమే నెగ్గి, పలక అక్కగారి చెంగులోకి చేరింది. ఒప్పుకోలు ఫలితంగా బాబాయి నిండు అంగుళం పలకను భుజాన వేసుకుని ఇల్లు చేరారు. "మహా లెక్కలమనిషి" అన్న పేరు ఆయనకంటే ముందే వీధంతా చేరిపోయింది.

తెల్లవారగానే ఒకాయన తన కొత్తింటి గుమ్మాల కొలతలు పట్టుకుని వచ్చి వరండాలో కూర్చున్నారు. బాబాయి బీరువా తాళంచెవి చేత పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. తరువాత వంటింట్లోకి తొంగిచూశారు.

"ఏమే, మరి ఆ రంపం..."

"రంపం సంగతి నేను చూసుకుంటాలెండి. పాపం, ఆయన ఎంతసేపు కూర్చుంటాడు?"

బాబాయి టేపు మెడలో వేసుకుని, గొంతు సవరించుకుని వరండాలోకి వచ్చారు. కొలతలను ఒకసారి, వచ్చినాయనను ఒకసారి ఎగాదిగా చూశారు.

"పది ఘనపుటడుగులు," అని సెలవిచ్చారు.

లోపల ఫోను ఎత్తిన చప్పుడైంది.