ఏడు పడవలు, ఒకే చేప

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. నేను పుట్టుకతోనే చిత్రకారుణ్ణనీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కేవలం రంగులు కొనుక్కోవడానికి చేస్తున్నాననీ మొదటిది. ఏ పనైనా ఒకసారి బాగా చేసిపెట్టుకుంటే మళ్లీ చేయనక్కర్లేదన్నది రెండోది. మొదటిదాన్ని ఊళ్లో ఎవరూ నమ్మలేదు. రెండోదాన్ని మా కంపెనీ మొత్తం నమ్మేది. (కొత్తగా చేరిన ప్రోగ్రామర్లకు మొదటి వారంలోనే ఈ జబ్బు అంటిస్తారు.)

ఇంటినుంచే పనిచేయమన్న ఏడాది, మా సొంత ఊరు భావనపాడులో మా మేనత్త ఇంటికి చేరాను. డాబా మీద తప్ప సిగ్నల్ అందదు కాబట్టి అక్కడే కూర్చుని కోడ్ రాసేవాణ్ణి. సాయంత్రాలు ఒడ్డుకు పోయి, పడవలకు బొమ్మలు వేస్తానని కనిపించినవాళ్లందరినీ బతిమాలేవాణ్ణి. చివరికి మావయ్యే జాలిపడి, "మన పడవ మీద ఎయ్యిరా అల్లుడా. పాడైతే మనదే పాడవుద్ది" అన్నాడు. నా కళాజీవితంలో అందిన మొదటి ప్రోత్సాహం అది.

చేప వేశాను. కంపెనీ లాప్‌టాప్ పంపిన అట్టపెట్టెలో చేప ఆకారం కత్తిరించి, ఆ అట్టను పడవకు ఆనించి రంగు పూస్తే, నీలం మీద పసుప్పచ్చ చేప నిగనిగలాడింది. ఇంకో ఆరుగురు తమకూ కావాలన్నారు. అట్ట ఉంది, రంగు ఉంది, మీటింగుకీ మీటింగుకీ మధ్య గంట ఖాళీ ఉంది. వారం తిరిగేసరికి ఏడు పడవల మీద ఏడు చేపలు, పొలుసు తేడా లేకుండా. పద్ధతిగా ఉంటుందని పడవలన్నిటికీ ఒకే నీలం కూడా పూసేశాను. రంగు ఖర్చు నాదే కాబట్టి ఎవరూ కాదనలేదు.

మా ఒడ్డున ఆడవాళ్లు బుట్టలతో నిలబడి, దూరాన వస్తున్న పడవ రంగూ బొమ్మా చూసే తమవాళ్లొచ్చారని పోల్చుకుంటారు. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన నాకు ఈ సంగతి గుర్తు రాలేదు.

ఓ పొద్దున గాలి ఎక్కువగా ఉంది. నీళ్ల మీద ఆరు పడవలు కనిపించాయి. ఏడోది లేదు. లేనిది ఎవరిదో ఎవరికీ తెలియడం లేదు. ఒకరి మనిషి రాకపోతే ఏడుగురూ ఏడవడం మొదలుపెట్టారు. అత్త నా చొక్కా పట్టుకుంది.

"ఏసినోడివి నువ్వే కదరా! మనది ఏదో సెప్పు!"

"అన్నీ ఒకటే అత్తా."

"ఓలమ్మో! సదువుకున్న గుంటడు సేసిన పని సూడండే!"

పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకు తగులుతున్నాయి. ఆరూ అయ్యాయి. మావయ్య వాటిల్లో లేడు. జీవితంలో నాకంత భయం ఎప్పుడూ వేయలేదు. అరగంట తర్వాత ఏడో పడవ మెల్లగా వచ్చింది, ఇంజను మొరాయించిందట. అత్త ఆయన్ని ఎగాదిగా చూసింది. నావైపు తిరిగి, "మళ్లీ ఏటకెల్లే లోపల నా పడవ నాకు తెలియాల" అంది.

అత్యవసర మరమ్మతులని రాసి ఆఫీసుకు సెలవు పెట్టాను. (అబద్ధమేమీ కాదు.) అట్టను పొయ్యిలో పెట్టి, ఆరు పడవలకు ఆరు రంగులు, ఆరు బొమ్మలు చేత్తో వేశాను. అత్త పడవకు మళ్లీ చేపే వేయబోయాను. అట్ట సాయం లేకపోవడంతో అది తోకున్న వంకాయలా తేలింది. తుడిచేస్తానంటే అత్త ఒప్పుకోలేదు. "ఉండనీరా. ఇలాంటిది ఇంకోడు ఎయ్యలేడు" అంది.

ఇప్పుడు విశాఖలో నా కింద పదిమంది పనిచేస్తున్నారు. చిత్రకారుణ్ణన్న నమ్మకం ఎప్పుడో పోయింది. నేను రాసిన కోడ్ కోసం ఇంతవరకూ ఎవరూ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఎదురుచూసిన పాపాన పోలేదు. మొన్న ఉదయం అత్తకు ఫోన్ చేస్తే వెనక సముద్రం హోరు వినిపించింది. ఏదో చెబుతున్నదల్లా ఆగిపోయింది.

"ఉండరా... అదిగో, మన వంకాయ వచ్చీసినాది!" అని ఫోన్ పెట్టేసింది.